చరిత్రలో ఎన్నడూ లేని తుఫానా? ఓడల లాగ్ పుస్తకాలు వేరే మాట చెబుతున్నాయి

2013 నవంబర్ 8న హయాన్ టైఫూన్ ఫిలిప్పీన్స్‌లోని టక్లోబాన్ నగరాన్ని ముంచేసింది. అధికారిక లెక్క ప్రకారమే 6,300 మంది చనిపోయారు. ఆ వారమంతా టీవీల్లో, పత్రికల్లో 'కనీవినీ ఎరుగని' అన్న మాటే నడిచింది. కానీ అవే సమార్, లెయితె దీవుల మీదుగా 1897 అక్టోబర్ 12, 13 తేదీల్లో ఒక టైఫూన్ వెళ్లింది. అప్పుడూ సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. మనీలా అబ్జర్వేటరీ డైరెక్టర్, జెస్యూట్ ఫాదర్ హోసె అల్గువే మరుసటి ఏడాదే దాని మీద పుస్తకం అచ్చువేశారు. అంటే విన్నదే, అచ్చులో ఉన్నదే. తీసి చూసినవాళ్లు తక్కువ.

వార్తల్లో 'చరిత్ర' అంటే ఎంత కాలమో ఒకసారి చూద్దాం. పశ్చిమ పసిఫిక్ టైఫూన్ల దారుల గురించి జపాన్ వాతావరణ సంస్థ ఇచ్చే అధికారిక డేటా 1951తో మొదలవుతుంది. మొదటి వాతావరణ ఉపగ్రహం 1960లో వెళ్లింది. అమెరికా సైనిక విమానాలు టైఫూన్ల లోపలికి దూరి కొలతలు తీసే పని 1987లో ఆగిపోయింది. 1979 అక్టోబర్‌లో 'టిప్' టైఫూన్ నడిమధ్య పీడనం 870 మిల్లీబార్లని తేల్చింది అలాంటి విమానమే. పీడనం ఎంత పడిపోతే తుఫాను అంత బలమైనదని లెక్క. సముద్రమట్టం దగ్గర అంత తక్కువ పీడనం ప్రపంచంలో మరెప్పుడూ నమోదు కాలేదు. మొత్తం కలిపి డెబ్బై, ఎనభై ఏళ్లు. నూరేళ్లకో, రెండు వందల ఏళ్లకో ఒకసారి వచ్చే తుఫాను గురించి తీర్పు చెప్పడానికి ఇది చాలదు.

అంతకు ముందు కాలానికి సాక్షులు ఓడలు, లైట్‌హౌస్‌లు. పందొమ్మిదో శతాబ్దపు నౌకాదళం ఓడ లాగ్‌లో, అంటే ఓడ మీద ఎప్పటికప్పుడు రాసే డైరీలో, ఒక పేజీ తెరిస్తే గడులు కనిపిస్తాయి. ఒక గడిలో టైమ్, తర్వాత గాలి దిక్కు, గాలి బలం 0 నుంచి 12 వరకు అంకెల్లో, గాలి పీడనం కొలిచే బారోమీటర్ రీడింగ్ అంగుళాల్లో, పక్కన ఆకాశం ఎలా ఉందో అక్షరాల్లో. 'ఓ' అంటే మబ్బు కమ్మింది, 'క్యూ' అంటే ఈదురు గాలి జల్లులు, 'ఆర్' అంటే వాన. మామూలు రోజుల్లో 29.9 అంగుళాల దగ్గరుండే బారోమీటర్ 28కి జారిందంటే, ఈనాటి లెక్కలో 948 మిల్లీబార్లు. అది రాసిన ఆఫీసర్‌కు చరిత్ర రాస్తున్నానన్న ధ్యాస లేదు, డ్యూటీ చేశాడంతే. నా దృష్టిలో ఆ పేజీ విలువంతా అక్కడే ఉంది. తర్వాత తీరిగ్గా రాసుకున్న జ్ఞాపకాల్లో తుఫాను పెరుగుతుంది, బారోమీటర్ గడిలో పెరగదు.

ఒక్క ఓడతో కూడా చాలా చెప్పొచ్చు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను నడిబొడ్డు ఎడమ చేతివైపు ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ గాలి ఆగ్నేయం నుంచి దక్షిణానికి, అక్కడి నుంచి నైరుతికి, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు మళ్లితే, ఓడ తుఫాను దారికి కుడిపక్కన ఉన్నట్టు. ఎదురు దిశలో తిరిగితే ఎడమపక్కన. అదే గంటకు ఇంకో ఓడ నుంచో, తీరంలోని లైట్‌హౌస్ నుంచో రీడింగ్ దొరికితే, ఒక్కో చోటు నుంచి కేంద్రం ఉన్న వైపుకు గీత గీస్తే, ఆ రెండు గీతలు కలిసేచోట కేంద్రం ఉంటుంది. కోల్‌కతాలో హెన్రీ పిడింగ్టన్ ఈ పనే చేశాడు. ఒకప్పుడు ఓడ కెప్టెన్. 1839 నుంచి బంగాళాఖాతం, చైనా సముద్రం తుఫాన్ల మీద లాగ్‌లు పోగుచేసి వరసగా వ్యాసాలు రాశాడు. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంతో పాటు, అవతలివైపు కనిపించేంత పల్చటి కొమ్ము రేకుల మీద గాలి వలయాలు గీసి ఇచ్చాడు. మ్యాప్ మీద ఆ రేకు పెట్టి జరుపుకుంటే కేంద్రం ఎటుందో తెలిసిపోతుంది.

ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తోంది. అమెరికా నౌకాదళ అధికారి కమోడోర్ పెర్రీ నల్ల ఓడలతో వెళ్లి, ఒప్పందం చేసుకోమని జపాన్ తలుపు తట్టిన సంగతి చాలామందికి తెలుసు. 1853 జులై 17న ఆయన జపాన్‌లోని ఉరాగా రేవు నుంచి బయల్దేరి 25న ఒకినావాలోని నహా చేరాడు. ఆ నౌకాదళం లాగ్‌లు తిరగేసిన పరిశోధకులకు జులై 21-25 మధ్య తూర్పు చైనా సముద్రంలో ఒక టైఫూన్, 1854 అక్టోబర్ 7న జపాన్‌కు దక్షిణాన మరొకటి దొరికాయి. చరిత్రకారులు ఒప్పందాల కోసం చదివిన కాగితాల్లోనే తుఫాన్లు ఉన్నాయన్నమాట.

అయితే చదవడం అంత తేలిక కాదు. ముందు తేదీ తగాదా. ఫిలిప్పీన్స్ 1844 చివరిదాకా మెక్సికో వైపు తేదీ పాటించింది, అంటే మిగతా ఆసియా కంటే ఒక రోజు వెనక. 1844 డిసెంబర్ 31ని ఎగరగొట్టి మిగతా ఆసియాతో కలిసింది. కాబట్టి అంతకుముందు మనీలాలో సోమవారం వచ్చిన తుఫాను చైనా తీరంలోని మకావ్ పుస్తకాల్లో మంగళవారం తుఫాను. తెలియక లెక్కేస్తే ఒకటి రెండవుతుంది. జపాన్ 1873 దాకా చాంద్రమానంలో రాసుకుంది. రేఖాంశాలను ఫ్రెంచివాళ్లు పారిస్ నుంచి, స్పెయిన్‌వాళ్లు కాదిజ్ దగ్గర నుంచి లెక్కపెట్టారు. ఇక వేడి క్యాబిన్‌లో బారోమీటర్‌లోని పాదరసం వ్యాకోచించి ఉన్నదానికంటే నాలుగైదు మిల్లీబార్లు ఎక్కువే చూపిస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. తుఫాను కంటిలోకి వెళ్లిన ఓడ మునిగితే లాగ్ కూడా దాంతోపాటే పోతుంది. మన చేతికొచ్చేవి బతికి బట్టకట్టినవాళ్ల రీడింగులే. కాబట్టి పాత తుఫాన్ల బలం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. పైగా హెచ్చరికలు బాగుపడేకొద్దీ ఓడలు తుఫానుకు దూరంగా జరిగాయి. ఫాదర్ ఫెదెరికో ఫౌరా 1879 జులైలో మనీలా నుంచి తొలి టైఫూన్ హెచ్చరిక ఇచ్చారు. తర్వాత వైర్‌లెస్ వచ్చింది. ప్రాణాలు దక్కాయి, డేటా తగ్గింది. అందుకే 'నూరేళ్ల కిందట టైఫూన్లు తక్కువ, ఇప్పుడు ఎక్కువ' అని గ్రాఫ్ చూపిస్తే వెంటనే నమ్మను. తీరం దాటిన తుఫాన్ల లెక్క నమ్మొచ్చు, ఎందుకంటే ఊరు కదలదు. నడిసముద్రంలో పుట్టి అక్కడే పోయినవాటి లెక్క మాత్రం ఓడల రద్దీని బట్టి మారుతుంది.

శాస్త్రవేత్తల ఈగోలు కూడా ఈ రికార్డులో ఉన్నాయి. హాంకాంగ్ అబ్జర్వేటరీ మొదటి డైరెక్టర్ విలియం డోబర్క్, మనీలా నుంచి వచ్చే హెచ్చరికలు అనవసరంగా జనాన్ని భయపెడుతున్నాయని 1899లో, అప్పటికి మనీలాను ఏలుతున్న అమెరికన్లకు ఫిర్యాదు చేశాడు. కొంతకాలం ఆ హెచ్చరికలు ఆగాయి కూడా. వ్యాపారులు గోల పెడితే మళ్లీ మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం చేసిన నష్టం ఇంకా పెద్దది. 1945 ఫిబ్రవరిలో మనీలా పోరులో అబ్జర్వేటరీ రికార్డులు తగలబడ్డాయి. మరోవైపు అదే యుద్ధంలోని 19 అమెరికన్ యుద్ధనౌకల లాగ్‌లను ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ నడిపిన ప్రాజెక్టులో 4 వేలకు పైగా వలంటీర్లు టైప్ చేశారు. దాదాపు 28 వేల పేజీల నుంచి 37 లక్షల పరిశీలనలు బయటికొచ్చాయి. రాత్రిపూట శత్రువుకు కనబడకుండా ఉండేందుకు పగటి రీడింగులే ఎక్కువ తీశారని, యుద్ధ కాలం కాస్త వేడిగా కనబడడానికి అదొక కారణం కావచ్చని శాస్త్రవేత్తలు అంటున్నారు.

బారోమీటర్ కంటే మృతుల అంకెలే ఎక్కువ ప్రచారంలోకి వస్తాయి. 1737 కోల్‌కతా తుఫానుకు 3 లక్షలు. 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవు తుఫానుకు 3 లక్షలు. 1881 అక్టోబర్‌లో వియత్నాంలోని హైఫాంగ్ టైఫూన్‌కు 3 లక్షలు. మూడు చోట్లా ఒకే అంకె! 1737 సంగతి భూభౌతిక శాస్త్రవేత్త రోజర్ బిల్హమ్ తవ్వి చూస్తే, ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో కోల్‌కతా మృతులు 3 వేలని ఉంది. హైఫాంగ్ అంకెనూ తర్వాతి పరిశోధకులు ఒప్పుకోలేదు. కోరంగిలో 20 వేల పడవలు మునిగాయని కూడా రాస్తూనే ఉన్నారు. ఆ రేవులో అన్ని పడవలు ఎక్కడ పట్టాయని అడిగినవాళ్లు తక్కువ.

మృతుల అంకె పక్కన పెట్టినా కోరంగి మీదికి సముద్రం వచ్చిందన్నది నిజం. 1789 డిసెంబర్‌లో అక్కడే మూడు అలలు వరసగా వచ్చాయని పిడింగ్టన్ రాశాడు. 1864 నవంబర్ 1న బందరు మునిగి 30 వేల మంది పోయారు. భారత వాతావరణ శాఖ తుఫాన్ల అట్లాస్ మొదలయ్యేది 1891తో. అంటే మన తీరంలో చెప్పుకునే మూడు పెద్ద ఉప్పెనలూ ఆ అట్లాస్‌కు బయటే. రేవుకో, ఫ్యాక్టరీకో గట్టు ఎంత ఎత్తు ఉండాలో 1891 నుంచే లెక్కేస్తే ఆ స్థాయిలో తగిలేది 1977 దివిసీమ ఒక్కటే. 1891 నుంచి ఇంకో వందేళ్లకు పైగా వెనక్కి వెళితే అవి నాలుగవుతాయి, గట్టు ఎత్తూ మారుతుంది.

పాత రీడింగులు లేక కాదు. మద్రాసు అబ్జర్వేటరీ 1796 నుంచి వాతావరణం రాసిపెట్టింది. 1789-1834 మధ్య కంపెనీ ఓడల లాగ్‌లు దాదాపు 900 ఇప్పటికే డిజిటైజ్ అయ్యాయి. పిడింగ్టన్ వ్యాసాల్లో లాగ్‌ల వివరాలు గంటలవారీగా అచ్చయి ఉన్నాయి. కేవలం ఉపరితల పీడనం రీడింగులతో పాత వాతావరణాన్ని కంప్యూటర్‌లో తిరిగి కట్టే అంతర్జాతీయ ప్రాజెక్టు 1836 దాకా వెళ్లింది. 1839, 1864 రెండూ ఆ పరిధిలోకే వస్తాయి. వీటిలో ఆ ఏళ్లకు పనికొచ్చేవి ఒకచోట చేర్చి ఈ రెండు తుఫాన్ల దారి, పీడనం తేల్చి, కోరంగి, బందరులో నీళ్లు ఎంత ఎత్తుకు లేచి ఉంటాయో లెక్కకట్టడం విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ వాతావరణ శాస్త్ర విభాగం చేయగల పనే. విపత్తుల నిర్వహణ సంస్థ డబ్బిచ్చి అడగాలి, అంతే.