ఉత్తరం అక్కర్లేని రోజు కోసం కొట్లాడండి

తిరుమలలో తెలంగాణ ఎమ్మెల్యేల సిఫార్సు లేఖలు చెల్లాలని మనవాళ్లు ఎంత పట్టుబట్టారో అందరం చూశాం. కాంగ్రెస్, బీఆర్‌ఎస్, బీజేపీ అన్న తేడా లేకుండా గొంతెత్తారు, ముఖ్యమంత్రుల మధ్య ఉత్తరాలు నడిచాయి, 2024 డిసెంబర్ 30న చంద్రబాబు సరేనన్నారు, అయినా కొండ మీద కదలిక లేకపోతే మళ్లీ గొడవ చేసి చివరికి 2025 మార్చి 24 నుంచి అమలు చేయించుకున్నారు. సోమ, మంగళవారాలకు బ్రేక్ దర్శనం, బుధ, గురువారాలకు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం, ఒక్కో లేఖ మీద ఆరుగురు. నియోజకవర్గ ప్రజల కోసం సాధించామని చెప్పుకున్నారు.

లెక్క వేసి చూడండి. ఒక్కో ఎమ్మెల్యేకి వారానికి నాలుగు లేఖలు, అంటే 24 మంది. ఏడాది పొడవునా ఒక్కటీ వదలకుండా వాడినా 1,250 దాటదు. తెలంగాణలో ఒక్కో నియోజకవర్గానికి సగటున రెండున్నర లక్షల పైనే ఓటర్లున్నారు. ఆ 1,250లో ఎవరుంటారో ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు: మండల నాయకుడు, ఆయన వియ్యంకుడు, కాంట్రాక్టరు, ఎన్నికలప్పుడు బండి పెట్టినోడు. రోజు కూలీకి పోయే మనిషి పేరు ఆ లేఖ మీదికి ఎక్కాలంటే మధ్యలో ఎంతమందిని దాటుకుని రావాలి?

ఆ డిసెంబర్‌కీ ఆ మార్చికీ మధ్యే, జనవరి 8న, తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గంటల తరబడి కాచుకున్న జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. చేతిలో లేఖ ఉన్నవాళ్లు అలాంటి చోట నిలబడే పనే ఉండదు. సంతాపాలు అందరూ చెప్పారు. కానీ మామూలు భక్తుడికి టోకెన్ ఇచ్చే పద్ధతి మార్చండని, లేఖల కోసం పడ్డంత పట్టుదలతో, అన్ని నెలలు వెంటబడిన మన ఎమ్మెల్యే నాకు ఒక్కరూ కనిపించలేదు.

ఎమ్మెల్యేల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. పొద్దున లేస్తే గేటు ముందు జనం, కాదంటే ఓటు పోతుందన్న టెన్షన్. పక్క రాష్ట్రం ఎమ్మెల్యే లేఖ చెల్లి మనది చెల్లకపోతే అది వివక్షే, అడగడంలో తప్పేమీ లేదు. కానీ సమానంగా పంచమని అడిగింది సిఫార్సునే కదా, దర్శనాన్ని కాదు.

అసలు నా బాధ తిరుపతితో ఆగదు. రెండేళ్ల కిందట మా పెద్దనాన్నకు గుండె ఆపరేషన్ అన్నారు. అందులో కొంత ఖర్చు ఆరోగ్యశ్రీలోకి రాదన్నారు, ఎల్‌వోసీ తెచ్చుకోండన్నారు. అంటే ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఆసుపత్రికి ముందే హామీ పత్రం, దానికి ఎమ్మెల్యే సిఫార్సు. అన్నయ్య ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు, ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేషన్ కాగితం ఒక చీరల దుకాణం కవర్లో పెట్టుకుని తెల్లవారుజామున ఐదింటికే క్యాంపు ఆఫీసు గేటు దగ్గర కూర్చున్నాడు. పీఏ వచ్చి రోగం సంగతి అడగలేదు. "మీ ఊళ్లో మన మనిషి ఎవరు, ఆయనతో ఫోన్ చేయించు" అన్నాడు. మన మనిషి దొరకడానికి ఒక రోజు, సారు పెళ్లిళ్ల నుంచి తిరిగి రావడానికి రెండు రోజులు పట్టింది. మూడు రోజులు పెద్దనాన్న ఆసుపత్రి మంచం మీద, "సంతకం అయిందారా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆయన ఆ సంతకం కోసం ఎందుకు ఎదురుచూడాలి? జబ్బు ఉందని డాక్టర్ రాసిచ్చాడు, పేదవాడని రేషన్ కార్డు చెబుతోంది, ఇంక ఎమ్మెల్యే కొత్తగా ధ్రువీకరించేది ఏముంది? ఇది మార్చలేని విషయమూ కాదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు జరిగింది ఇదే. అప్పటిదాకా సీఎం సహాయ నిధి కోసం నాయకుల చుట్టూ తిరిగిన గుండె రోగులు తెల్లకార్డు పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లారు, ఎవరికీ దండం పెట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెంచినప్పుడు కూడా ఎవరి లెటర్ ప్యాడూ అవసరం పడలేదు. ప్రజాప్రతినిధి చేయాల్సిన పని అంటే నా దృష్టిలో అదీ, ఒక్కసారి చేస్తే లక్షల మంది గేటు ముందు నిలబడే బాధ తప్పుతుంది.

సహాయ నిధి దరఖాస్తుల్ని ఆన్‌లైన్ చేశారు, సంతోషం. సిఫార్సు మాత్రం అలాగే ఉంచారు. ఎందుకుంచారంటే, చెక్కు ఇచ్చేటప్పుడు ఫొటో కావాలి, ఇచ్చిన చేయి గుర్తుండాలి. అది జనం పన్నుల డబ్బు.

పార్టీల తేడా లేకుండా మన ఎమ్మెల్యేలు తిరుమల లేఖల విషయంలో ఒక్కమాట మీద నిలబడగలిగారు కాబట్టి ఐక్యత రాదని ఇంక ఎవరూ చెప్పొద్దు. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో అదే గొంతుతో ఒకటి అడగండి: ఎల్‌వోసీకి డాక్టర్ కాగితం, రేషన్ కార్డు చాలు, మా సంతకం తీసేయండని.