మార్కు సరే, ఎక్కడ తడబడ్డారో చెప్పండి

కంప్యూటర్ మీద ఇంగ్లిష్ లిజనింగ్ పరీక్ష, అంటే విని జవాబులు రాసే పరీక్ష పెడితే పిల్లల ఇబ్బంది ఇట్టే తెలిసిపోతుందని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే. చివరికి చేతికొచ్చేది ఒక బ్యాండ్ స్కోరు, అంటే స్థాయి చెప్పే అంకె. బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు పిల్లలకు ఇంగ్లిష్ చెబుతుంటాను. పదాలు రాక కాదండీ, ‘ఆస్క్‌డ్ హిమ్’ అన్నది గబగబా ‘ఆస్టిమ్’ అయిపోతే చెవికి అందదు. అదే కాగితం మీద చూపిస్తే ‘ఓ, ఇదేనా సార్!’ అంటారు. సాధన పరీక్షల్లో ఎక్కడ ఆపారో, ఏ ముక్క వెనక్కి తిప్పి విన్నారో కంప్యూటర్ రాసిపెట్టుకోగలదు కదా, ఆ చిట్టా మాకివ్వండి. ఇంకో గొడవ, వింటూనే టైపు కొట్టడం. స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. అది చెవి తప్పెలా అవుతుంది?