కాండిడా వారి ఎంజైములకు ఒక విన్నపం

తడి చర్మం మీద పుండ్లు పెట్టే ఈస్టు ఫంగస్ మహారాజశ్రీ కాండిడా ఆల్బికాన్స్ వారి ఎంజైములైన, ప్రొటీన్లను కోసే ప్రొటీనేజ్, కొవ్వును కోసే ఫాస్ఫోలైపేజ్ గార్లకు పర్లాకిమిడి నుంచి నమస్కారాలు.

మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, మా వదిన చెయ్యి చూస్తే తెలుస్తూనే ఉంది. టిఫిన్ బండి దగ్గర పొద్దస్తమానం గిన్నెలు తోమే చెయ్యి. నడిమి వేలికీ ఉంగరపు వేలికీ మధ్య చర్మం నాని తెల్లబడి, పొర లేచి, లోపల ఎర్రటి పుండు.

మీ వంశం సంగతి విన్నాను. ప్రొటీనేజులు పది మంది అన్నదమ్ములట. ఎనిమిది మంది బయటికెళ్లి పనిచేస్తే, తొమ్మిదో వారూ పదో వారూ ఈస్టు గోడనే అంటిపెట్టుకుని ఉంటారట. ఉమ్మడి కుటుంబాలు విడిపోతున్న రోజుల్లో ముచ్చటేసింది. కెరాటిన్, కొల్లాజెన్, చివరికి మమ్మల్ని కాపాడాల్సిన యాంటీబాడీలు, ఏది దొరికితే అది కోసి పారేస్తారు. కణాల పొరల్లోని కొవ్వు సంగతి ఫాస్ఫోలైపేజ్ గారు చూసుకుంటారు.

ఆయనకు ల్యాబులో పెట్టే పరీక్ష ఇంకా బాగుంది. గుడ్డు పచ్చసొన కలిపిన అగర్ అనే జెల్లీ మీద ఈస్టును పెంచితే, ఆయన పనిచేసిన మేర కాలనీ చుట్టూ తెల్లటి వలయం కడుతుంది. కాలనీ వెడల్పును వలయంతో కలిపిన వెడల్పుతో భాగిస్తారు. 1 వస్తే పని ఎగ్గొట్టినట్టు, ఎంత తగ్గితే అంత ఘనులు. మార్కులు తగ్గేకొద్దీ ర్యాంకు పెరిగే పరీక్ష మా పిల్లలకెందుకు పెట్టరో!

1936లో ఒరిస్సా ఏర్పడి మేమిటు ఒరిస్సాలో, పక్కనున్న పాతపట్నం అటు తెలుగు వైపు అయ్యాం. అప్పట్నుంచి ప్రతి కాగితానికీ మాకు 'ఏ రాష్ట్రం?' అన్న టెన్షనే. మీకు తడి ఉంటే చాలు.

మీ తరఫున మేమూ పనిచేస్తున్నాం. మందుల షాపులో చీటీ అడక్కుండా ఇచ్చే ట్యూబు ఒకటుంది. స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ మూడూ అందులోనే. స్టెరాయిడ్ ఒంటి కాపలావాణ్ణి జోకొడుతుంది. యాంటీబయాటిక్ మీ పక్కింటి బాక్టీరియాను ఖాళీ చేయిస్తుంది. మూడోది పాపం పని మొదలెట్టేలోపే ఎరుపు తగ్గిందని వదిన మూత పెట్టేస్తుంది. రోకటిపోటును కూడా డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం.

చెయ్యి పొడిగా ఉంచుకోమని, షుగరు పరీక్ష చేయించుకోమని డాక్టరుగారన్నారు. షుగరు సరే, పొడి చేత్తో ఇడ్లీ రేకులు తోమే విద్య కూడా చీటీ మీద రాసివ్వాల్సింది. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను: కనీసం రథయాత్ర రోజుల్లో సెలవు పెట్టండి. అప్పుడు గిరాకీ ఎక్కువ, ట్యూబు కొనడానికీ తీరిక ఉండదు.

ఇట్లు,
మీ చర్మదాతల తరఫున ఒక మరిది