లేసు వయసు దారమే చెప్పాలి

కొక్కెం సూదితో అల్లే నరసాపురం క్రోషా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ ఆ లేసు గురించి ఎక్కడ రాసినా 1844లో మిషనరీ దంపతులు నేర్పారన్న మాటే తిరుగుతోంది. దానికి ఆధారమేమిటని అడిగేవాళ్లు తక్కువ.

ఇలాంటి తేదీలతో యూరప్ కూడా మోసపోయింది. చిన్న కండెల దారాలతో అల్లే బాబిన్ లేసును 1561లో బార్బరా ఉట్‌మన్ కనిపెట్టిందని జర్మనీలోని అన్నాబెర్గ్‌లో ఆమె సమాధి రాయి చెబుతుంది. ఆమె 1575లో చనిపోతే ఆ రాయి పెట్టింది 1834లో. జూరిక్‌లో 1561 ప్రాంతంలో అచ్చయిన నమూనాల పుస్తకమేమో వెనిస్ వర్తకుల ద్వారా ఆ పని 1536లోనే తమ ఊరికి చేరిందంటోంది.

మన సంగతికొస్తే, బౌడెన్, బీర్ అనే మిషనరీలు 1836లో ఇండియాకు వచ్చి తర్వాత నరసాపురంలో స్థిరపడ్డారు. మిషన్ ఉంది గనక లేసూ ఉందనుకోవడమే పొరపాటు. ఇంగ్లండ్‌లో క్రోషా నమూనాల పుస్తకాలు విరివిగా వచ్చింది 1840లలో. ఐర్లండ్‌లో క్రోషా ఊరూరా పాకింది 1845 నాటి కరువుతో. 1844కే గోదావరి ఒడ్డుకు క్రోషా రావడం అసాధ్యం కాదు గానీ, రుజువు లేకుండా ఒప్పుకోదగ్గదీ కాదు. తొలుత నేర్పింది మరో రకం లేసేమో!

అందుకే ముందు తేల్చాల్సింది పనితనం. క్రోషా ఒకే కొక్కెం సూదితో, ఒకే దారంతో ఉచ్చులోంచి ఉచ్చు లాగే అల్లిక. చివరి ముడి విప్పి లాగితే వరసలు జారిపోతాయి (పరీక్ష పేరుతో ఎవరూ ఆ పని చేయకూడదు). బాబిన్ లేసులో దిండు మీద గుండుసూదులు గుచ్చి, జతల కొద్దీ దారాలను పేనుతూ దాటిస్తారు. భూతద్దం కింద అది నేతలా కనిపిస్తుంది. పది రెట్లు చూపే భూతద్దం, పక్కన స్కేలు, రెండు వైపులా ఫొటోలు, అంగుళానికి ఎన్ని కుట్లు: వీటితో మొదలుపెడితే చాలు.

తర్వాత దారం. మెర్సరైజ్డ్ నూలు (క్షారంలో ముంచి మెరుపు తెప్పించిన నూలు) మెరుపు 1890 ప్రాంతానికి ముందు బజారులో లేదు. అయితే గంజి, ఇస్త్రీ కూడా మెరుపు తెస్తాయి కాబట్టి కంటిని నమ్మకూడదు. మైక్రోస్కోపులో మామూలు పత్తి పోగు మెలితిరిగిన రిబ్బనులా ఉంటే, మెర్సరైజ్డ్ పోగు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిస్తే కొత్తదని తేల్చేయకూడదు. పాత లేసును ఈ కాలపు డిటర్జెంట్‌లో ఉతికినా అలాగే మెరుస్తుంది.

నరసాపురం పనిలో మరో చిక్కుంది. పువ్వులు ఒకరు అల్లితే, అతుకు పని వేరొకరు చేస్తారు. అతుకు దారం తరవాతి మరమ్మతుది కావచ్చు. పరీక్షకు పోగును పువ్వు నుంచే తీయాలి. లేసు కుట్టిన బట్ట వయసు చూసి లేసు వయసు చెప్పడమూ కుదరదు. చిరిగిన బట్ట నుంచి లేసు విప్పి కొత్త బట్టకు కుట్టుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

హైదరాబాద్ పట్టించుకోవాల్సింది తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం పేరిట వచ్చిన లేసును. ఆ ఊరు ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది గానీ, కాగితాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మాత్రమే వెతికితే చాలవు. నిజాం 1860లో ఆ ప్రాంతాన్ని బ్రిటిష్ వారికి వదులుకున్నాడు. 1874 వరకు అది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. అంటే నాగపూర్, చెన్నై కూడా చూడాలి. దుమ్ముగూడెంలో పనిచేసిన చర్చ్ మిషనరీ సొసైటీ ఉత్తరాలు బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. నరసాపురంలోని బౌడెన్, బీర్‌ల బ్రదరెన్ మిషన్ కోసమైతే మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అడగాలి.

రాష్ట్ర ప్రభుత్వం ఇద్దరు పరిశోధకులను పెట్టి ఆ ఉత్తరాల డిజిటల్ ప్రతులు తెప్పించాలి. నగరంలోని పాత చర్చిల బీరువాల్లో ఉన్న బల్లగుడ్డలకు పైన చెప్పిన పద్ధతిలో ఒక్కో వివరాల కార్డు రాయించాలి. అది జరిగేదాకా మేళా బోర్డుల మీద 1844 పక్కన ‘అంటారు’ అని చేర్చమని మా సూచన.