పై అంతస్తు ఎందుకు ఉడుకుతోంది?

ఏప్రిల్‌లో రాత్రి పది దాటాక ఏదైనా అపార్ట్‌మెంట్ పై అంతస్తు ఫ్లాట్‌లో పడమటి గోడకు చెయ్యి ఆనించి చూడండి. ఇంకా చురుక్కుమంటుంది. ఫ్యాను వేస్తే తలమీదికి దిగేది వడగాలే. సాయంత్రం టెర్రస్ మీద నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించి వచ్చినా, ఆ తడి ఆరిపోయాక కథ మళ్లీ మొదటికే. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు స్లాబు రాత్రంతా దాన్ని కిందికి కక్కుతూనే ఉంటుంది. రెండు వేసవులు ఓర్చుకున్న కుటుంబం మూడో ఏడు వాయిదాల్లో ఏసీ కొంటుంది. ఆ తర్వాత ప్రతి మే నెలలోనూ కరెంటు బిల్లు చూసి గుండెలు బాదుకుంటుంది.

ఈ బిల్లుకు మూలం ఏసీలో లేదు, ఇంటిలో ఉంది. కట్టేటప్పుడు స్లాబు మీద వేడిని ఆపే రెండంగుళాల పొర, అంటే ఇన్సులేషన్, వేసి ఉంటే, పడమటి కిటికీ మీద సజ్జా సరిపడా ముందుకు లాగి ఉంటే, ఆ ఏసీ రోజులో చాలాసేపు ఆఫ్‌లోనే ఉండేది. అయితే ఆ ఖర్చు పెట్టాల్సింది బిల్డరు, బిల్లు కట్టేది కొనుక్కున్నవాళ్లు. కొనేవాళ్లయినా అడుగుతారా అంటే అదీ లేదు. ఫ్లాటు చూడటానికి వెళ్తే వాస్తు అడుగుతాం, పార్కింగ్ అడుగుతాం, మున్సిపల్ నీళ్లా బోరు నీళ్లా అని అడుగుతాం. స్లాబు మీద ఏం పరిచారని అడిగినవారు అరుదు. గుమ్మం దిక్కు కోసం ప్లాను మార్పించే మనం, పడమటి ఎండ ఏ గదిలో పడుతుందో పట్టించుకోం. కొనేవాడు అడగనిది, అమ్మేవాడు పెట్టనిది నిబంధన ద్వారానే రావాలి. అందుకే భవన నిర్మాణ నిబంధనల్లో ఇంధన పొదుపు గట్టిగా చేరాలని మేం కోరుతున్నాం.

అసలు నిబంధనలే లేవా? ఉన్నాయి. ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాని కింద వాణిజ్య భవనాల కోసం 2007లో ఈసీబీసీ (ఇంధన పొదుపు భవన కోడ్) తెచ్చారు, 2017లో సవరించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో, విభజనకు కొద్ది నెలల ముందు, దాన్ని తన భవన నిబంధనల్లో చేర్చింది. అంటే రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇది పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఇళ్లకు 2018లో ఎకో నివాస్ సంహిత అనే నివాస కోడ్ వచ్చింది. 2022లో పార్లమెంటు మూల చట్టాన్నే సవరించి, పెద్ద నివాస సముదాయాలను కూడా కోడ్ పరిధిలోకి తెచ్చింది. కోడ్ ఎంత పెద్ద భవనాల నుంచి వర్తించాలో చెప్పే 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (భవనానికి తీసుకున్న కరెంటు సామర్థ్యం) అన్న గీతను ఇంకా కిందికి దించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది.

నివాస కోడ్ అడిగేది గొంతెమ్మ కోరికేమీ కాదు. పైకప్పు యూ విలువ 1.2 దాటకూడదంటుంది. బయటికీ లోపలికీ ఒక్కో డిగ్రీ తేడాకు, ఒక్కో చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే లెక్క అది. ఏ పూతా, ఏ పొరా లేని మామూలు స్లాబు ఇందుకు రెండు రెట్లకు పైగానే వేడిని లోపలికి పంపుతుంది. గోడలకూ కిటికీలకూ కలిపి ఇంకో పరిమితి ఉంది. ఇటుక బదులు ఏఏసీ బ్లాకు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మె) వాడటం, కిటికీకి నీడ కల్పించడం వంటి వాటితో చాలావరకు నెగ్గుకు రావచ్చు. ఇప్పుడు కడుతున్న అపార్ట్‌మెంట్లలో ఏఏసీ బ్లాకులు కొత్తేమీ కావు. బరువు తగ్గుతుందనీ, పని త్వరగా అవుతుందనీ బిల్డర్లే ఇష్టపడుతున్నారు.

మరి ఎక్కడ తేడా కొడుతోంది? ఇంకుడు గుంతను గుర్తు చేసుకుంటే చాలు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం నుంచీ అది తప్పనిసరే. ప్లానులో గుండ్రంగా, చక్కగా గీసి ఉంటుంది. ఇంటికెళ్లి చూస్తే ఆ చోట స్కూటర్ నిలబడి ఉంటుంది. ఇంధన కోడ్‌కు కూడా అదే గతి పట్టే ప్రమాదం ఉంది. కోడ్ రాసేది కేంద్రంలో ఇంధన సామర్థ్య బ్యూరో, బీఈఈ. రాష్ట్రంలో బాధ్యత తెలంగాణలో పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ రెడ్‌కోది, ఆంధ్రప్రదేశ్‌లో ఇంధన పొదుపు మిషన్‌ది. ప్లాను ఆమోదించేది మున్సిపల్ శాఖ. కరెంటు మీటరు ఇచ్చేది విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కం. నలుగురి మధ్య ఎవరి పనీ కాకుండా పోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

చిన్న ఇళ్ల సంగతి మరీ వేరు. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 600 గజాల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. మంచి సంస్కరణే. లంచాల బెడద తగ్గించే ఉద్దేశంతో తెచ్చిన పద్ధతిని ఇప్పుడు మళ్లీ ఫైళ్లలో చుట్టమని మేం అనం. ఈ ఇళ్లకు లెక్కలూ కన్సల్టెంట్లూ అక్కర్లేదు. ఫలానా మందం ఇన్సులేషన్, లేదా ఫలానా రకం టైల్స్, ఫలానా లోతు సజ్జా అంటూ మేస్త్రీకి అర్థమయ్యే ఒక్క పేజీ చాలు. సొంతదారు ఆ పేజీలో టిక్కు పెట్టి సంతకం చేస్తాడు. అబద్ధం పెడితే స్వీయ ధ్రువీకరణకు ఇప్పటికే ఉన్న జరిమానాలు వర్తిస్తాయి.

తెలంగాణ ఈ దిశలో ఒక అడుగు ముందే వేసింది. 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ప్రకారం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు దాటిన ఇళ్లకూ చల్లటి కప్పు, అంటే ఎండను తిప్పికొట్టే తెల్ల పూత లాంటిది, తప్పనిసరి. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్లు లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. ఏ ఏడాదికి ఎన్ని కప్పులు తెల్లబడ్డాయో ప్రభుత్వం ప్రజల ముందు పెట్టాలి. తెల్ల పూత దుమ్ము పట్టి రెండు మూడేళ్లలో మసకబారుతుందన్నది కూడా మరవొద్దు. అది ఇన్సులేషన్‌కు తోడు అవుతుంది, దానికి బదులు కాలేదు.

ఖర్చు పెరుగుతుందని బిల్డర్లు అంటారు. కొంత పెరుగుతుంది, దాచేదేం లేదు. కానీ ఎలివేషన్ పేరుతో ముఖం నిండా అద్దాలు తొడిగి, ఆ అద్దాల్లోంచి వచ్చే ఎండను తరిమేందుకు టన్నుల కొద్దీ ఏసీలు బిగించేటప్పుడు ఖర్చు ఎందుకు గుర్తుకు రాదు? గచ్చిబౌలి వైపు వెళ్తే కనిపించేది అద్దాల వరసే. అదే హైదరాబాద్‌లో 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది. జాలీ గోడలు, మొక్కలు పరచిన కప్పు, గాలి గోపురాలు. అప్పట్లో అమెరికా వెలుపల హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం అది. ఇరవై ఏళ్లుగా పాఠం మన ఊళ్లోనే ఉంది, చదివినవాళ్లు తక్కువ.

ఖర్చు వాదన నిజంగా బరువుగా తగిలేది పేదల ఇళ్ల దగ్గర. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షల రూపాయలిస్తే, అందులో స్లాబు పడటమే ఒక పండగ. రేకుల కింద బతికిన కుటుంబానికి డాబా ఇల్లంటే గౌరవం. ఆ గౌరవం కింద ఏసీ ఉండదు, కూలరు కూడా చాలాచోట్ల ఉండదు. కొత్తగూడెంలోనో రెంటచింతలలోనో మే నెలలో ఆ స్లాబు కింద పసిపిల్లలూ ముసలివాళ్లూ పడుకోవాలి. కాబట్టి ప్రభుత్వం తాను కట్టించే ఇళ్లకే ముందు కోడ్ వర్తింపజేయాలి, కప్పు ఇన్సులేషన్ ఖర్చును లబ్ధిదారు నెత్తిన వేయకుండా విడిగా ఇవ్వాలి. లక్షల ఇళ్లకు ఒకేసారి కొంటే సరుకు ధరా దిగుతుంది.

2024 మే 30న దేశంలో విద్యుత్ గరిష్ఠ డిమాండ్ 250 గిగావాట్లకు చేరింది. ఆ రోజుల్లో ఎండలు ఎలా ఉన్నాయో గుర్తుండే ఉంటుంది. రెండు దశాబ్దాల్లో చల్లదనం అవసరం దాదాపు ఎనిమిది రెట్లవుతుందని కేంద్రం 2019 కూలింగ్ ప్రణాళికలోనే లెక్కేసింది. అందుకు తగ్గట్టు యంత్రాల మీద దృష్టి పెట్టారు. 2023 నుంచి సీలింగ్ ఫ్యానుకూ స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. ఆ ఫ్యాను వేలాడే స్లాబును మాత్రం అడిగే నాథుడు లేడు. ఇళ్లకూ ఒక లేబుల్ ఉంది గానీ అది ఇష్టమున్నవాళ్లకే.

బిల్డరు చేత పాటింపజేసే పట్టు ప్రభుత్వం చేతిలో ఇప్పటికే ఉంది. తెలంగాణలో పెద్ద భవనాలకు 10 శాతం నిర్మాణాన్ని మార్ట్‌గేజ్ పెట్టాకే అనుమతి ఇస్తారు, ఓసీ (నివాసయోగ్యతా పత్రం) వచ్చాకే విడిపిస్తారు. పార్కింగ్ చూసినట్టే, సెట్‌బ్యాక్ కొలిచినట్టే, కప్పు మీద ఏం వేశారో కూడా చూశాకే ఆ మార్ట్‌గేజ్ వదలాలి. ఆంధ్రప్రదేశ్ కూడా ఓసీతోనే ఈ షరతును ముడిపెట్టాలి. వచ్చే వేసవిలోపు కొత్త చట్టం అక్కర్లేదు. ఓసీ దరఖాస్తులో ఒక గడి చేరిస్తే మొదలవుతుంది: ఈ భవనం పైకప్పు యూ విలువ ఎంత?