‘వద్దమ్మా’ అనగలిగే కొట్టు

మా మేనకోడలు బెంగళూరులో డిజైన్ ఉద్యోగం వదిలేసి, పది నెలల పిల్లాడిని చంకనేసుకుని శ్రీకాకుళం వచ్చేసింది. ఇక్కడే చంటిపిల్లల సామాను కొట్టు పెడుతుందట. ‘నీతిగా నడవాలి, చూడ్డానికి ముచ్చటగానూ ఉండాలి మావయ్యా’ అంది. ఇంట్లోవాళ్లు నవ్వారు. అలాంటివి విశాఖ బీచ్ రోడ్డులో నడుస్తాయి గానీ ఏడు రోడ్ల జంక్షన్ పక్కన ఎవరు కొంటారని వాళ్ల లెక్క. నేను నవ్వలేదు. నీతి, ముచ్చట రెండు వేరే కోరికలని వాళ్లు అనుకుంటున్నారు. చంటిపిల్లల వస్తువు దగ్గర అవి రెండూ ఒకటే. బిడ్డ ఒంటికి, ఇంటికి, ఊరి ఎండకి సరిపోనిదాన్ని సరిపోతుందని చెప్పి అంటగట్టడం మోసం. సరిపోయేలా చేయించడం డిజైన్. ఈ రెంటికీ మధ్య కొట్టువాడు అనాల్సిన మాట ఒకటుంది: ‘ఇది మీకు వద్దమ్మా’. ఆ మాట అనే కొట్టు మన జిల్లాలో నాకింతవరకు కనబడలేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి డైపర్ల మీద, పాలసీసాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ తగ్గింపు కొనేవాళ్ల దాకా వచ్చిందా, మధ్యలోనే ఆగిందా అని కొన్నాళ్లు వాదించుకున్నాం. మంచిదే. కానీ ఎంతకి అమ్ముతున్నారని అడిగినంత గట్టిగా ఎందుకు అమ్ముతున్నారని ఎవరూ అడగలేదు.

వాకర్ సంగతి చూడండి. కిందటేడు పక్కింటి అమ్మాయికి తోడుగా ఒక కొట్టుకి వెళ్లాను. లోపల అడుగు పెట్టామో లేదో, కుర్రాడు నీలం రంగు వాకర్ ఒకటి కిందికి దించి మీట నొక్కాడు. ముందున్న పళ్లెంలో ఎర్ర లైట్లు వెలిగాయి, హిందీ పాట మోగింది. చంకలో గుంటడు రెండు చేతులూ చాపాడు. అప్పుడు కుర్రాడు తల్లి వైపు తిరిగి, ‘ఎనిమిదో నెలొచ్చినా ఇంకా బండి కొనలేదేటమ్మా? మరి కాళ్లెలగొస్తాయి?’ అన్నాడు. ఆ ‘ఎలగొస్తాయి’లోనే ఉంది వ్యాపారమంతా. తల్లికి అంతవరకు లేని భయాన్ని పుట్టించడం, ఆ వెంటనే దానికి మందు చేతిలో పెట్టడం. ఆ అమ్మాయి కొనేసింది. నేను నోరెత్తలేదు. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.

కెనడా 2004లోనే ఈ చక్రాల వాకర్లను నిషేధించింది. అమ్మడమే కాదు, దిగుమతి చేసుకోవడం, ప్రకటించడం కూడా అక్కడ కుదరదు. అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ తమ దేశంలోనూ నిషేధించమని ఏళ్ల తరబడి అడుగుతోంది. కారణం చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు. నడక రానివాడికి చక్రాలిస్తే, పెద్దవాళ్లు లేచి అందుకునేలోపు మెట్ల దగ్గరో పొయ్యి దగ్గరో ఉంటాడు. పోనీ నడకైనా తొందరగా వస్తుందా అంటే, అదీ లేదు. సీటులో వేలాడుతూ మునివేళ్లతో నేలను తన్నడం నడక కాదు; అడ్డుగా ఉన్న పళ్లెం వల్ల తన కాళ్లు తనకే కనబడవు. ఇక మన ఇళ్లు చూడండి. వీధి గుమ్మానికి గడప, గడప దాటితే అరుగు, అరుగు దిగితే మూడు మెట్లు, మెట్ల కింద సిమెంటు కాలవ. వాకర్ గీసినవాడు ఈ ఇల్లు ఎన్నడూ చూసి ఉండడు. అమ్మేవాడు మాత్రం ఇలాంటి ఇంట్లోంచే పొద్దున్నే కొట్టుకి వస్తాడు.

దీనికి మనవాళ్ల దగ్గర జవాబు ఎప్పటినుంచో ఉంది, మూడు చక్రాల చెక్క బండి. పిల్లాడు ముందు తనంతట తాను లేవాలి, కర్ర పట్టుకోవాలి, తొయ్యాలి. కాళ్లలో సత్తువ రానివాడు చతికిలబడతాడు, బండి అక్కడే ఉంటుంది. వాడికి ఎప్పుడు వస్తే అప్పుడే. అలాగని పాతదాన్ని పటం కట్టి పూజించమనడం లేదు. మట్టి నేల మీద నడిచిన ఆ బండి ఇవాళ్టి టైల్స్ మీద సర్రున జారిపోతుంది. చక్రానికి రబ్బరు పట్టీ వేయించాలి. పిల్లాడు పట్టుకుని లేచినప్పుడు వెనక్కి తిరగబడకుండా ముందు వైపు బరువు పెట్టించాలి. పట్టుకునే కర్ర ఆ చిన్న పిడికిట్లో ఇమిడేంత సన్నగా చిత్రిక పట్టించాలి. మా మేనకోడలి చదువు పనికొచ్చేది ఇక్కడ. గోడలకి గులాబీ రంగు వేసి ఏనుగుల స్టిక్కర్లు అంటించడానికైతే ఆ చదువు అక్కర్లేదు, పెయింటరు చాలు.

పాలసీసా దగ్గరికొస్తే విషయం నీతిని దాటి చట్టంలోకి వెళుతుంది. 1992లో వచ్చి 2003లో బిగిసిన చట్టం ఒకటుంది. పాలపొడి, పాలసీసా, రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారం అమ్మొచ్చు గానీ ప్రకటించకూడదు. నమూనాలు పంచకూడదు, కానుకలతో ఎర వేయకూడదు. పాలపొడి డబ్బా మీద బిడ్డ బొమ్మ గానీ తల్లి బొమ్మ గానీ ఉండకూడదు. ప్రకటనలు, నమూనాలు, కానుకల దగ్గర మీరితే మూడేళ్ల దాకా జైలో, 5,000 రూపాయల దాకా జరిమానానో, లేదా రెండూనో. ఇప్పుడు మన బజారులో బారసాల గిఫ్టు సెట్టు ఒకసారి చేతిలోకి తీసుకోండి. మెరుపు కాగితం కింద దువ్వెన, సబ్బు, పౌడరు డబ్బా, నట్టనడుమ దేవుడిలా పాలసీసా. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న బిడ్డకి, పేరు పెట్టిన రోజునే బంధువులంతా కలిసి సీసా చదివిస్తున్నారు. సీసా తప్పనిసరైన తల్లులు ఉంటారు. వాళ్లను వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. అడిగిన తల్లికి సీసా ఇవ్వాలి, ఎలా మరిగించాలో చెప్పి మరీ ఇవ్వాలి. దాంతోపాటు ఉగ్గుగిన్నెనూ గుర్తు చేయాలి. మూలల్లేవు, గొట్టాల్లేవు, ఒక్క తోముడుతో శుభ్రమవుతుంది. తల్లి పాలు పిండి పట్టాల్సి వస్తే గిన్నె, చెంచా వాడమని పిల్లల డాక్టర్లు చెబుతున్నది ఇందుకే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసి ఊళ్లకు ఊళ్లు చీకట్లో పడ్డప్పుడు, రోజుకి ఎన్నిసార్లు సీసా మరిగించగలరో అక్కడి తల్లులను అడగండి.

బట్టల సంగతి ఇంకా ఘోరం. శ్రీకాకుళంలో మే నెల ఉక్కపోత ఎలా ఉంటుందో రాయక్కర్లేదు. ఆ మే నెలలోనే కొట్ల ముందు బొచ్చు దుప్పట్లు వేలాడుతుంటాయి, కుందేలు చెవుల టోపీలతో సహా. చలిదేశపు బిడ్డ ఫొటో చూసి తయారైన సరుకు అది. మన ముసలమ్మలేమో పురిటి బిడ్డకి కొత్త బట్ట వేయకూడదన్నారు. చదువుకున్నాం కదా, చాదస్తమని కొట్టిపారేశాం. గంజి పోయి, మడత బిరుసు పోయి, లెక్కలేనన్ని ఉతుకులు తిన్న నూలు చీర ముక్కే పొత్తిగుడ్డ. పొత్తిళ్లలో బిడ్డ అన్నప్పుడు మనసుకి తగిలే ఆ మెత్తదనం ఉతుకుల నుంచి వచ్చిందే. నా మాట వింటే మేనకోడలు బట్టను ముందు ఉతికించి అమ్మాలి. మెడ వెనక లేబుల్ అసలు కుట్టించకూడదు. వాళ్ల పిల్లాడే ఒకసారి రెండు రాత్రులు గుక్కపట్టి ఏడిస్తే పాలు చాలట్లేదని మేం హైరానా పడ్డాం. మూడో రోజు చొక్కా విప్పి చూస్తే, మెడ కింద నైలాన్ లేబుల్ అంచు గీసిన ఎర్రటి చార, చిటికెన గోరంత పొడవు. కంపెనీ పేరు నాకు అంత గట్టిగా గుచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఇక నా కడుపుమంట. ‘మస్లిన్ స్వాడిల్’ అని ఆన్‌లైన్లో అమ్ముతున్న చదరపు గుడ్డ ఏమిటనుకున్నారు? పొత్తిగుడ్డే. ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అని పిలిచిన ఈ ఊరి మస్లిన్ ఒకప్పుడు ఢాకా బట్టతో సరితూగేదని వాళ్ల గెజిటీర్లే రాసుకున్నాయి. ఆ పనితనం చచ్చిపోలేదు. మన ఊరికి పాతిక కిలోమీటర్ల లోపే పొందూరు ఉంది. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. అరచేతిలో పట్టే ఎముక ముక్క, దాని మీద సూదిమొనల్లాంటి పళ్లు. గింజని అంటుకుని ఉన్న పీచును ఆ పళ్లు ఒకే దిక్కుకి సాపు చేస్తాయి. ఆ తర్వాత గింజ వేరు చేయడం, విల్లుతో ఏకడం, ఏకును ఎండిన అరటి పట్టలో పెట్టుకుని చరఖా మీద వడకడం. అన్నీ చేత్తోనే, ఎక్కువగా ఆడవాళ్ల చేత్తోనే. నూరో నంబరు నూలు అలా వస్తుంది. అంత సన్నటి బట్ట పుట్టేది వీళ్ల ఒడిలోనే కదా, మనవలకి దీంతో ఏమన్నా కుట్టించారా అని ఒకావిడని అడిగాను. ‘ఇది పసిగుంటలకేటి బాబూ, పెద్దోల్లకి కదేటి’ అంది.

పెద్దోల్లకే. నాయకుల లాల్చీలకి, పంచెలకి. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, వేదిక మీద ఫెళఫెళలాడించడానికి. ఉత్తరాంధ్ర చేతిపనికి మనం చేస్తున్న అన్యాయం గుర్తించకపోవడం అని అందరూ రాస్తుంటారు. నేనలా అనుకోవడం లేదు. గుర్తించాం, వాడకం మానేశాం. బొబ్బిలి వీణ గుప్పెడంత బొమ్మయి సన్మానాల్లో జ్ఞాపిక అయింది. బుడితి ఇత్తడి వంటింట్లోంచి లేచి షోకేసెక్కింది. పొందూరు ఖద్దరు ఎన్నికల బట్ట అయింది. కలెక్టరేట్ మీటింగులో శాలువాలు కప్పినంత మాత్రాన వడికే చేతికి రోజూ పని దొరకదు. రోజూ వాడే వస్తువైతేనే దొరుకుతుంది. చంటిబిడ్డ కంటే రోజూ బట్ట మార్చేవాడు ఎవడైనా ఉన్నాడా? పొత్తిగుడ్డకి గజం బట్ట చాలు, పంచెల్లో తప్పొచ్చిన తాను నుంచీ నాలుగు తీయొచ్చు. ఆ గుడ్డతో ఇచ్చే చీటీ మీద ధర ఒక్కటే వేయకుండా, అందులో వడికినావిడకి ఎంత ముట్టింది, నేసినాయనకి ఎంత ముట్టింది, కొట్టుకి ఎంత మిగిలింది అని మూడు అంకెలు వేయమన్నాను. ఆ మూడు అంకెలు వేయలేని కొట్టు నీతి అనే మాట బోర్డు మీద రాసుకోకూడదు.

బొమ్మలదీ ఇదే దారి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల శాఖలో నమోదైన కళాకారుల బొమ్మలకి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. 2017లో ఆ గుర్తింపు పొందిన ఏటికొప్పాక లక్కబొమ్మను అమ్మడానికి చట్టం అడ్డు కాదు. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. నోట్లో పెట్టుకున్నా భయపడక్కర్లేని గిలక్కాయ. లక్కపిడతలు మాత్రం వేరు. బుల్లి మూతలు, బుల్లి గరిటెలు మూడేళ్లలోపువాడి గొంతుకి అడ్డం పడతాయి. మనూరి బొమ్మే కదా అని అమ్మేయకుండా అక్కడా ‘వద్దమ్మా’ అనాలి.

ఇవన్నీ డబ్బున్నవాళ్ల కబుర్లని, కూలికి వెళ్లే తల్లి ఖద్దరు పొత్తిగుడ్డ ఎక్కడ కొంటుందని, అద్దె కట్టాల్సినవాడు వద్దు వద్దంటూ కూర్చుంటే షట్టరు దించుకోవాలని అంటారు. అద్దె సంగతి నిజమే, మొదటి ఏడాది గడ్డుగానే ఉంటుంది. కానీ కూలితల్లి పేరు చెప్పేవాళ్లు ఒక్క లెక్క వేయాలి. వాకర్, బొచ్చు దుప్పటి, పౌడరు, గిఫ్టు సెట్టు, ఆమె చేత కొనిపిస్తున్నవన్నీ కలిపితే ఎంత? వాటిలో ఏదీ వద్దని చెప్పి, పాత చీరే చింపి వాడుకో తల్లీ అని పంపేస్తే ఆమెకి అయ్యే ఖర్చు సున్నా. అలా పంపిన కొట్టుకి ఆమె రెండో కాన్పుకి కూడా వస్తుంది, చెల్లెల్ని వెంటబెట్టుకుని వస్తుంది. మన ఊళ్లో వ్యాపారం నిలబడేది ప్రకటనల మీద కాదు, పురిటింటి పరామర్శల్లో చెప్పుకునే మాట మీద.

మేనకోడలు పాలకొండ రోడ్డులో గది మాట్లాడుకుంది. మొన్న ఒక డీలరు వచ్చి, గుమ్మం పక్కనున్న ఖాళీలో నాలుగు వాకర్లు పెట్టుకోమన్నాడు. డబ్బు అమ్మాకే ఇమ్మన్నాడు. ఆ చోట్లో కుర్చీ వస్తుందంది. చేతుల కుర్చీ, ముందు నూలు తెర. బస్సు దిగి వచ్చిన తల్లులు పిల్లలకి పాలిచ్చుకోవడానికి. దాని మీద రూపాయి రాదు కదమ్మా అన్నాడతను. ఆయన వెళ్లాక పిల్లాడిని ఒళ్లో పడుకోబెట్టుకుని, చెయ్యి ఎక్కడ ఆనితే భుజం లాగకుండా ఉంటుందో చూపిస్తూ కూర్చుంది. పక్కన మా అక్క టేపు పట్టుకుని కొలుస్తోంది. కుర్చీ చెయ్యి కూర్చునే పలక నుంచి తొమ్మిది అంగుళాల ఎత్తుకి తేలింది.