తెల్లనివన్నీ మయోనీజ్ కాదండీ

ఫాస్ట్ ఫుడ్ షాపులో పనిచేసేవాళ్ళని చూసి జనం అనుకునేది ఒకటే, వీళ్ళకేం బాబూ, రోజూ చికెనూ బర్గర్లూ ఫ్రీగా లాగిస్తారు అని. మా చుట్టాల్లో అయితే పెళ్ళికెళ్ళినా దినానికెళ్ళినా ఇదే మాట, "నీకేంటమ్మా, వంట బాధే లేదు". ఫ్రీ మాట నిజమేలెండి, షిఫ్టుకి ఒక బర్గరు, మీడియం ఫ్రైసు, ఒక కూల్‌డ్రింకు, దీన్ని స్టాఫ్ మీల్ అంటారు. మొదటి వారం పండగే. తర్వాత తర్వాత ఆ వాసన జుట్టుకీ యూనిఫాంకీ చివరికి స్కూటీ సీటుకీ పట్టేసి, కొన్నాళ్ళకి గోంగూర పచ్చడీ వేడన్నం కలలోకి రావడం మొదలవుతుంది.

అసలు కష్టం తిండిది కాదు, టైముది, చోటుది. బ్రేకు అరగంట. బ్రేక్ రూం అని పేరే గానీ అది పేపర్ కప్పుల అట్టపెట్టెలు పేర్చగా మిగిలిన జాగా, అందులో మూడు స్టూళ్ళు. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటే పెట్టుకోడానికి ఫ్రిజ్ లేదు, షాపు సరుకు చల్లగా ఉంచే చిల్లర్ ఉంది గానీ అందులో మన డబ్బా పెడితే రూల్ ఒప్పుకోదు, వేడి చేసుకుందామంటే అన్నీ బన్నులు కాల్చే మెషిన్లే, చద్దిగా తిందామన్నా కూర్చునేలోపు "కౌంటర్‌కి ఒకళ్ళు రండి" అని పిలుపు. ఇక మిగిలిందేంటి, చేతికందేంత దూరంలో వేడివేడి ఫ్రైసు. తీసిన ఏడు నిమిషాల్లో అమ్ముడుపోకపోతే పారెయ్యాలి, ఆ పారేసేదేదో నోట్లోనే పారేద్దాం అని వెళ్తూ ఒకటి వస్తూ ఒకటి. రూల్ ప్రకారం అదీ తప్పే అనుకోండి, కానీ ఆకలికి రూల్ బుక్కు చదివి వినిపించేదెవరు.

ఇంకో తమాషా ఏంటంటే, పదీ అంతకుమించి బ్రాంచీలున్న కంపెనీలు మెనూ బోర్డు మీద కేలరీలు వెయ్యాలని 2022 నుంచి రూల్. మా బోర్డు మీదా ఉన్నాయి, చీమ తలకాయంత అక్షరాల్లో. కానీ ఆ బోర్డు ఉండేది మా నెత్తి మీద, దాని మొహం కస్టమర్ల వైపు. వాళ్ళు తలెత్తి చదివి, మనసులో లెక్కేసుకుని, బాగా ఆలోచించి "డ్రింక్ మాత్రం డైట్‌ది ఇవ్వండి, బర్గర్ డబుల్" అంటారు. మాకు ఆ అంకెలు కనబడవు, మాకు కనబడేది బిల్లు నంబరొక్కటే.

అలా హాయిగా గడిచిపోతుండగా మా మాల్‌లో ఫ్రీ హెల్త్ క్యాంప్ పెట్టారు. ఫ్రీ అంటే మా మేనేజర్ సార్ ఆగరు, వెళ్ళి రక్తం ఇచ్చొచ్చారు. సాయంత్రం ఫోన్‌కి రిపోర్ట్ వచ్చింది, ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో కొవ్వు, 412. సార్ కిచెన్ మధ్యలో నిలబడి "నాలుగొందల పన్నెండు... నాలుగొందల పన్నెండు" అని పైకే అనుకుంటుంటే ఫ్రయ్యర్ దగ్గరున్న అన్న వెనక్కి తిరక్కుండానే "ఆ ఆర్డర్ ఎప్పుడో పోయింది సార్, రైడర్ తీస్కపోయిండు" అన్నాడు. 150 లోపు ఉండాలంట అది. పక్కనే ఫ్యాటీ లివర్ ఉందేమో చూపించుకోమని ఇంకో లైను. ఆ రాత్రి సార్ స్టాఫ్ మీల్ ముట్టుకోలేదు. అంటే ఫ్రైస్ తిన్నారు గానీ బర్గర్ ముట్టుకోలేదు.

మర్నాటి నుంచి షాపులో ఆరోగ్యం సీజన్ మొదలైంది. తెలుగోళ్ళం కదా, డైట్ అంటే మనకి ఒకటుండదు, ఎవరి గురువు వాళ్ళకుంటాడు. మేనేజర్ సార్ వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి పట్టుకున్నారు, రోజుకి డెబ్బై గ్రాములు తగ్గకుండా కొబ్బరినూనో నెయ్యో, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు. ఫ్రయ్యర్ అన్నది మంతెన సత్యనారాయణ రాజు గారి దారి, ఉప్పు లేదు నూనె లేదు. పొద్దస్తమానం 180 డిగ్రీల నూనె ముందు నిలబడి, చేత్తో ఉప్పు డబ్బా ఊపుతూ, తను మాత్రం ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు తినేవాడు. రోజుకి ఐదు గ్రాములు మించి ఉప్పు వద్దని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు చెప్తారు, మా అన్న ఫ్రైస్ మీద ఊపే ఊపు వాళ్ళు చూస్తే అక్కడే కూలబడతారు. బన్నుల సెక్షన్‌లో లక్ష్మక్క ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు, ఒకరోజు కొర్రలు, ఒకరోజు అరికలు, తర్వాత సామలు, ఊదలు, అండుకొర్రలు. అవి గంటలు గంటలు నానాలంట, అందుకని ఒక గాజు సీసాలో నానబోసి షాపుకే తెచ్చేది. నాకు ఏ గురువూ లేడు, అందరి డబ్బాల్లోంచీ తలో ముద్ద తినేదాన్ని. నిజం చెప్పాలంటే ఉప్పు లేని సొరకాయకి రెండు ఫ్రైసు నంజుకుంటే అమృతం, అన్నకి చెప్పకండి.

అన్నిట్లోకీ కష్టమైంది సార్ నాలుగు లీటర్ల నీళ్ళు. మా మాల్‌లో స్టాఫ్ టాయిలెట్ ఆ చివరన, షాపు ఈ చివరన. ఆదివారం లంచ్ రష్‌లో కస్టమర్ "మేనేజర్ని పిలవండి" అని అరుస్తుంటే మేనేజర్ ఎక్కడున్నారో మా అందరికీ తెలుసు గానీ చెప్పే విషయమా అది.

ఇప్పుడు డబ్బా సంగతికి రావాలి. గుర్తుందా, 2024 అక్టోబర్ 30 నుంచి తెలంగాణలో పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ని, అదే బర్గర్‌లో రాసే తెల్లటి సాస్‌ని, ఏడాదిపాటు బ్యాన్ చేశారు. మా కంపెనీ వాళ్ళు ఎందుకొచ్చిన గొడవ అని గుడ్డు పేరున్న డబ్బాలన్నీ తీయించేసి ఎగ్‌లెస్ పంపించారు. పాత డబ్బాలు ఖాళీ చేసి పారెయ్యమన్నారు. మూత బిగువుగా పట్టే గట్టి ప్లాస్టిక్ డబ్బాని పారేసే తెలుగు ఇల్లు ఒకటి చూపించండి నాకు. సార్ రెండు ఇంటికి పట్టుకెళ్ళారు. ఒకదాంట్లో మేడమ్ గారు శనగపప్పు పోసుకున్నారు, రెండోదాంట్లో సార్‌కి గానుగ కొబ్బరినూనె పోసిచ్చారు. డబ్బా మీద "మయోనీజ్" అన్న అచ్చు అలాగే ఉంది, పక్కన గుడ్డు బొమ్మతో సహా.

డిసెంబర్ వచ్చింది. హైదరాబాద్ చలి తెలుసుగా, పొద్దున్నే నల్లా నీళ్ళు ముట్టుకుంటే కరెంట్ షాక్. కొబ్బరినూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, ఇది మన బామ్మలందరికీ తెలుసు, ఎండలో పెట్టుకుని తలకి రాసుకునేవాళ్ళు. బ్రేక్ రూంలో స్టూల్ మీద సార్ డబ్బా, అందులో తెల్లగా, నున్నగా, చూడ్డానికి అచ్చం... అదేలెండి.

ఆ రోజే ఆడిట్ వచ్చింది, అదే కిచెన్ తనిఖీ. చెప్పకుండా వస్తారు వాళ్ళు, బయటి కంపెనీ మనిషి, తెల్లకోటు, తలకి నెట్టు, చేతిలో సూది థర్మామీటరు. ఆయన ఎస్కలేటర్ ఎక్కుతుండగా ఐస్‌క్రీం కౌంటర్ అమ్మాయి చూసి మెసేజ్ పెట్టింది. ఇక చూస్కోండి, పోలీసులొస్తే పేకాట క్లబ్బులో ఉండే సందడి. సొరకాయ డబ్బా పేపర్ కప్పుల వెనక్కి పోయింది. కొర్రల సీసాని లక్ష్మక్క తన బ్యాగులో పెట్టి జిప్పు వేసింది, నీళ్ళతో సహా. నిమ్మకాయలు సార్ జేబుల్లో.

అందరూ దాస్తున్నారు, ఒక్కడు తప్ప. కొత్తగా చేరిన సిక్కోలు తమ్ముడు. వాడికి ట్రైనింగ్‌లో నేర్పింది రెండే ముక్కలు, తెరిచిన సాస్ బయట ఉండకూడదు, ఏ డబ్బా అయినా లేబుల్ లేకుండా ఉండకూడదు. పాపం చాలా బుద్ధిగా నేర్చుకున్నాడు. బ్రేక్ రూంలోకి తొంగిచూస్తే స్టూల్ మీద మయోనీజ్ డబ్బా మూత తీసి ఉంది, బయట ఆడిటరు, వాడి గుండె ఆగినంత పనైంది. మూత పెట్టి, చిల్లర్‌లో మధ్య అరలో నిలబెట్టి, పైన స్టిక్కర్ అంటించి గుండ్రటి అక్షరాలతో "మయో, ఓపెన్ చేసింది ఈ రోజు 10:40" అని రాసి, టైం కింద సంతకం కూడా పెట్టాడు. షాపు మానం కాపాడాననుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు, మొహంలో వెలుగు చూడాలి.

ఆడిటర్ గారు ముందు ఫ్రయ్యర్ చూశారు. నూనె కాగి కాగి ఎంత పాడైందో మీటరు ముంచితే తెలుస్తుంది, పాడయ్యేకొద్దీ అందులో పెరిగే పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదు. మాది 14. అన్న ఛాతీ రెండించీలు పెరిగింది. చేతులు కడిగే సింకు ఓకే. చికెన్ టెంపరేచర్ ఓకే. తర్వాత చిల్లర్ తలుపు తీశారు.

"ఇదేంటండీ?"

సార్ చూశారు. ఒక్క క్షణం ఆయనకే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, అర్థమయ్యాక ఇంకా భయమేసింది. ఎందుకంటే మయోనీజ్ అంటే బ్యాన్ అయిన సరుకు, మావాడి సంతకంతో ఈ రోజే తెరిచినట్టు సాక్ష్యం. కాదు నా సొంత నూనె అంటే పర్సనల్ ఫుడ్ చిల్లర్‌లో పెట్టిన నేరం. ఏది చెప్పాలా అని సార్ తడుముకుంటుంటే, సాయం చేద్దామని ఫ్రయ్యర్ అన్న గొంతు సవరించుకుని "అది తినేది కాద్సార్, తలకి రాస్కునేది" అన్నాడు.

ఆడిటర్ గారు రాయడం ఆపి తలెత్తారు. "కిచెన్‌లో హెయిర్ ఆయిలా?"

"హెయిర్ ఆయిల్ కాదు సార్, తాగుతాను" అన్నారు మా సార్.

ఇంత జరుగుతుంటే కూడా సిక్కోలు తమ్ముడు మాత్రం "మయోయేనండీ, నానే లేబుల్ ఏసినాను" అని మధ్యలో దూరి నిజాయితీగా ఒప్పుకుంటున్నాడు. ఆడిటర్ గారికి విసుగొచ్చి థర్మామీటర్ సూది అందులో గుచ్చబోయారు. దిగలేదు. మళ్ళీ గుచ్చారు, టక్‌మని చప్పుడొచ్చింది. చిల్లర్‌లో పెట్టేసరికి రాయైపోయింది అది. ఇంత గట్టి మయోనీజ్ తన సర్వీసులో చూళ్ళేదని ఆయనే అన్నారు. చివరికి తేల్చుకోవాల్సిందే అని డబ్బాని తీసుకెళ్ళి బన్ టోస్టర్ పక్కన, వేడి తగిలేచోట పెట్టించారు. మయోనీజ్ అయితే విరుగుతుంది, నూనె అయితే కరుగుతుంది. అందరూ చుట్టూ చేరి చూస్తూ నిలబడ్డారు. నేనొక్కదాన్నే కౌంటర్‌లో, పద్నాలుగు ఆర్డర్లు పెండింగు, బయట రైడర్లు గోల, లోపల్నుంచి కమ్మగా కొబ్బరి వాసన తేలుతూ వస్తుంటే లైన్లో ఉన్న ఒక పెద్దావిడ "కొత్త ఐటమా అమ్మా, ఒకటి ఇవ్వు" అని అడిగింది. ఏమివ్వను.

అంచుల నుంచి మొదలై నెమ్మదిగా మొత్తం కరిగి తేటపడింది. గుడ్డు మయోనీజ్ కేసులో నిర్దోషులం. కానీ మిగతావన్నీ రాశారు, సొంత తిండి చిల్లర్‌లో పెట్టడం, ఒకటుంటే ఇంకోటని లేబుల్ వెయ్యడం, పారెయ్యాల్సిన డబ్బా మళ్ళీ వాడటం. ఈ లోపు లక్ష్మక్క బ్యాగు కింద నుంచి సన్నగా కొర్రల నీళ్ళు పాకడంతో "ఫ్లోర్ తడిగా ఉంది" అని ఇంకో లైను. వెళ్తూ వెళ్తూ ఆయన సార్ జేబుల వైపు చూసి ఏదో అడగబోయి ఊరుకున్నారు. మొత్తమ్మీద చికెన్ వేయించే నూనె పాసైంది, ఆరోగ్యం నూనె ఫెయిలైంది.

వారంలో హెడ్డాఫీసు నుంచి ఆర్డరొచ్చింది, ఇకపై షాపులోకి ఇంటి తిండి తేకూడదు, బ్రేక్‌లో స్టాఫ్ మీల్ మాత్రమే తినాలి. దాంతోపాటు బ్రేక్ రూంలో అంటించమని ఒక పోస్టరు, ఆపిల్లూ క్యారెట్లూ బ్రకోలీ, కింద "మీ ఆరోగ్యమే మా సంపద". దాని కిందే మూడు స్టూళ్ళేసుకుని ఫ్రైస్ తింటున్నాం. ఎంత మంచి పోస్టరంటే కెచప్ మరక పడినా తుడిస్తే పోతుంది.

ఫ్రయ్యర్ అన్న మాత్రం లొంగలేదు, సొరకాయ డబ్బా బేస్‌మెంట్ పార్కింగ్‌లో స్కూటీ డిక్కీలో పెట్టుకుంటున్నాడు. లిఫ్టు దిగడానికి ఏడు నిమిషాలు, ఎక్కడానికి ఏడు, తినడానికి పదహారు, అన్న లెక్క అన్నది. లక్ష్మక్క కూడా అక్కడికే చేరింది. పెట్రోలు వాసనలో కూర్చుని సిరిధాన్యాలు తినడం ఏ గురువు పద్ధతో నాకైతే తెలీదు.

ఇక ఆడిట్‌కి జవాబు పంపే ఫారం ఒకటుంటుంది. తప్పు ఏంటి, రూట్ కాజ్ అంటే అసలు కారణం ఏంటి, ఏం చర్య తీసుకున్నారు అని మూడు గళ్ళు. రెండో గడి దగ్గర సార్ రెండ్రోజులు ఆగిపోయారు. మేడమ్ గారు అని రాస్తే ఇంటికెళ్ళలేరు. సిక్కోలు తమ్ముడు అని రాస్తే వాడి ఉద్యోగం పోతుంది, వాడు చేసింది చూస్తే అసలు రూల్ తప్పిందే లేదు. ట్రైగ్లిజరైడ్స్ అని రాస్తే అది కంపెనీ తిండి మీదికి వెళ్తుంది. "ఏం రాయమంటార్రా" అని బతిమాలుతుంటే అన్న బుట్ట దులుపుతూ "చలి అని రాయుండ్రి సార్" అన్నాడు.

సార్ నిజంగానే రాసేశారు. రూట్ కాజ్, చలి. తీసుకున్న చర్య, మార్చి నెల వరకు వేచి చూడటం. పంపించిన గంటలో హెడ్డాఫీసు నుంచి రిప్లై వచ్చింది, "చర్య సంతృప్తికరం, ఫైల్ క్లోజ్డ్, మిగతా బ్రాంచీలు కూడా ఇదే పాటించగలరు" అని.